ఎంత తిన్నా ఒంటికి పట్టదా? తిండి లెక్క చెప్పే సంగతులు

జిమ్‌లో చేరి ఆరు నెలలు దాటినా చొక్కా భుజాల దగ్గర బిగుతు కాకపోతే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు." అలా అనేవారు అబద్ధం చెప్పడం లేదు. తిన్నట్టే వాళ్లకు గుర్తుంది. చిక్కంతా ఆ ‘ఎంత’ దగ్గరే ఉంది. ఎంత తిన్నారని తిరిగి అడిగితే, మొన్న రాత్రి బెల్టు వదులు చేసుకుని మరీ తిన్న భోజనం కళ్లముందు మెదులుతుంది. ఆ మర్నాడు ఆలస్యంగా లేచి బ్రేక్‌ఫాస్ట్ ఎగ్గొట్టిన సంగతి తట్టదు. కడుపు నిండా తిన్న పూట మనసులో నిలిచిపోతుంది. తినని పూటలో గుర్తుండటానికి ఏమీ ఉండదు.

ఫుడ్ డైరీతో పని పడేది అక్కడే. జిమ్ లోకంలో డైరీ అంటే క్రమశిక్షణకు బిళ్లలాగా, ఫోన్ యాప్‌లో రంగురంగుల వృత్తాలు నింపుకునే ఆటలాగా తయారైంది. దాని అసలు పని చాలా చిన్నది. ఆ ‘ఎంత’కు ఒక అంకె ఇవ్వాలి. ఆ అంకెను ఒంటి బరువు పక్కన, ఎత్తే బరువుల పక్కన పెట్టి చూడటానికి వీలవ్వాలి. అంతే. ఆ అంకె అచ్చంగా నిజం కానక్కర్లేదు కూడా, రోజూ ఒకే పద్ధతిలో వస్తే చాలు. ఈ మాట వింతగా ఉండొచ్చు గానీ, డైరీ పనికొచ్చేదీ పనికిరాకుండా పోయేదీ ఈ ఒక్క విషయం మీదే.

పగ్గమా, ముల్లుకర్రా

తిండి లెక్క మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం బరువు తగ్గాలనుకునేవారి గురించే. వాటిలో 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఇప్పటికీ చర్చకు వస్తుంటుంది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకునే కొందరిని ఎంచుకుని, వారు రాసిన తిండి లెక్కను వారి శరీరం నిజంగా ఖర్చుపెట్టిన శక్తితో పోల్చి చూశారు. తిన్నదాంట్లో సగటున 47 శాతం కాగితం మీదికి రాలేదు. చేసిన శారీరక శ్రమనేమో 51 శాతం ఎక్కువ చేసి రాశారు. వారి ఒంట్లో శక్తి ఖర్చయ్యే తీరులో లోపమేమీ కనబడలేదు. లోపం లెక్కలోనే ఉంది.

సన్నగా ఉండి కండ పట్టాలనుకునేవారి పొరపాటు దీన్ని తిరగేసినట్టు ఉంటుంది. ఆహార సర్వేలు చేసేవారికి చాలాకాలంగా తెలిసిన ధోరణి ఒకటుంది: ఎక్కువ తినేవారు తగ్గించి చెబుతారు, తక్కువ తినేవారు పెంచి చెబుతారు. అందరి అంచనాలూ మధ్యకు జరుగుతాయి. బక్కపలచని మనిషి తన కడుపు నిండిన తీరును బట్టి అంచనా వేస్తాడు. అతని కడుపేమో తొందరగా నిండుతుంది.

అందువల్ల బరువు తగ్గేవారికి చెప్పే డైరీ సలహాలను ఇక్కడ యథాతథంగా వాడటం కుదరదు. 2008లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో దాదాపు 1,700 మంది పాల్గొన్నారు. వారంలో ఆరు రోజులు డైరీ రాసినవారు, వారానికి ఒక్కరోజో అసలు లేకుండానో గడిపినవారికంటే సుమారు రెండింతలు బరువు తగ్గారు. రాత వల్ల తిండి తగ్గడం చాలావరకు దీని వెనకున్న కారణం. ఒక బిస్కెట్ తింటే ఒక లైను రాయాలి, యాప్ తెరవాలి, వెతకాలి, గ్రాములు కొట్టాలి. ఆ బెడదకు చెయ్యి వెనక్కి వస్తుంది. బరువు తగ్గాలనుకునేవారికి ఇది వరం. కండ పెంచాలనుకునేవారికి ఇదే ఎదురుదెబ్బ. ‘రాయాలి కదా’ అని వదిలేసిన అరటిపండు, ‘లెక్క తేలదు’ అని తప్పించుకున్న స్నేహితుల విందు, రెండూ అతనికి కావలసిన క్యాలరీలే. డైరీ తనంతట తానుగా పగ్గంలా పనిచేస్తుంది. ఇక్కడ కావలసింది ముల్లుకర్ర.

దీనికి జిమ్‌లో కాస్త అనుభవమున్నవారు చేసే పని సులువైనదే. తిన్న తర్వాత రాయరు, తినకముందే రాస్తారు. రాత్రి పడుకునే ముందు మర్నాటి తిండి మొత్తం ఒక పేజీలో పెట్టేస్తారు: పొద్దున మూడు గుడ్లు, రెండు బ్రెడ్డు ముక్కలు, గ్లాసు పాలు; నాలుగింటికి అరటిపండు, గుప్పెడు వేరుశనగలు; ఇలా. మర్నాడు తిన్నదానికల్లా టిక్కు పెట్టడమే పని. రాత్రి తొమ్మిదింటికి పేజీలో టిక్కు పడని లైను కనబడితే అది బాకీ. అదే డైరీ ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఆపదు, వెనక నుంచి తోస్తుంది. కొన్న సరుకు కూడా పాడవకుండా ఉంటుంది, అది వేరే లాభం.

ఎంత కావాలన్నది ముందు తేలాలి

డైరీలో ఏ గడి చూడాలో తెలియకపోతే పేజీలు నింపి లాభం లేదు. మామూలు పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ చాలన్నది ఎప్పటి నుంచో ఉన్న సిఫార్సు. బరువులెత్తేవారికి అది సరిపోదు. 49 అధ్యయనాల్లోని 1,863 మంది వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. కిలోకు సుమారు 1.6 గ్రాముల వరకు ప్రొటీన్ పెరిగేకొద్దీ కండ పెరుగుదలకు మేలు జరిగింది, ఆ పైన పెద్దగా కలిసొచ్చింది లేదని అది తేల్చింది. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి, జాగ్రత్త కోసం 2.2 దాకా వెళ్లేవారూ ఉన్నారు. 60 కిలోల మనిషికి ఇది 96 గ్రాముల నుంచి 132 గ్రాముల వరకు.

ఈ అంకె పక్కన ఇంకో చిన్న లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కండలో నాలుగింట మూడు వంతులు నీరే. ప్రొటీన్ సుమారు ఐదో వంతు, అంటే కిలో కండలో 200 గ్రాములు. కొత్తగా మొదలుపెట్టిన మనిషి నెలకు కిలో కండ పెంచాడనుకుందాం. అది మంచి వేగమే. రోజు వారీగా చూస్తే అతని ఒంట్లో కొత్తగా నిలిచే ప్రొటీన్ 7 గ్రాములకు మించదు. ఒక గుడ్డులో ఉండేదే సుమారు 6 గ్రాములు. మరి 96 గ్రాములు తినమనడం దేనికి? శరీరం రోజంతా పాత ప్రొటీన్‌ను విడగొడుతూ కొత్తదాన్ని కట్టుకుంటూ ఉంటుంది. ఆ విరుపూ కట్టుబడీ రెండింటి తేడాగా మిగిలేదే ఆ కాస్త 7 గ్రాములు. కట్టుబడి వైపు మొగ్గు ఉండాలంటే సరఫరా ధారాళంగా ఉండాలి, బరువులెత్తిన తర్వాత ఒకట్రెండు రోజులు మరీనూ.

మిగులు క్యాలరీల విషయం కూడా ఇలాంటిదే. రోజుకు ఖర్చయ్యే శక్తి కంటే 10 నుంచి 20 శాతం ఎక్కువ తినమని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. ఆ లెక్కన వారానికి ఒంటి బరువులో పావు నుంచి అర శాతం పెరగాలి. 60 కిలోల వారికి వారానికి 150 నుంచి 300 గ్రాములు. ఏళ్ల తరబడి బరువులెత్తుతున్నవారు ఇంకా నెమ్మదిగా పోవాలి. వాళ్ల కండ పెరిగే వేగం తగ్గిపోయి ఉంటుంది, మిగులంతా నడుముకు చేరుతుంది.

డైరీలు తిరగేసి చూస్తే తరచూ తేలేది ఒకటుంది. ప్రొటీన్ గురించే అందరి టెన్షన్ గానీ, ఆగిపోయిన మనిషి పేజీల్లో లోటు కనబడేది ఎక్కువసార్లు మొత్తం క్యాలరీల్లో. ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనడం తేలిక. ఆదివారం పొద్దున్నే లేచి ఏదో ఒకటి తినడం కష్టం.

పచ్చిదా, వండినదా

డైరీని కాకిలెక్కగా మార్చేది ఎక్కువగా ఒకే ఒక్క గందరగోళం. ‘అన్నం 250 గ్రాములు’ అని ఒకరు రాస్తారు. ప్లేటులో ఉన్నది వండిన అన్నం. యాప్‌లో వెతికినప్పుడు మొదట కనబడింది బియ్యం, దాన్నే నొక్కేశారు. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 క్యాలరీలు. పచ్చి బియ్యానికి 360 దాకా. 250 గ్రాముల మీద నిజం 325, డైరీలో పడింది 900. ఒక్క ప్లేటు మీద 575 క్యాలరీలు గాల్లోంచి వచ్చాయి. రెండు పూటలు ఇదే జరిగితే వెయ్యి దాటుతుంది. ఆ మనిషి రోజుకు 3,200 తింటున్నానని ఒట్టేసి చెబుతాడు, చెంపలు మాత్రం లోపలికే ఉంటాయి.

మాంసం దగ్గర తప్పు ఎదురు దిక్కున జరుగుతుంది. పచ్చి చికెన్ బ్రెస్ట్ 150 గ్రాములు వండితే నీరు పోయి 110 గ్రాముల చుట్టూ తేలుతుంది. ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు, అదే 33 గ్రాములు అలాగే ఉంది. వండాక తూచిన 110ని పచ్చి మాంసం లెక్కలో వేస్తే 25 గ్రాములే కనబడుతుంది. అంటే ఒకే ప్లేటులో అన్నం ఎక్కువ చూపిస్తుంది, చికెన్ తక్కువ చూపిస్తుంది. రెండూ కలిస్తే మొత్తం సరిపోతుందిలే అనుకోవడానికి లేదు. క్యాలరీలు మిగిలినట్టూ ప్రొటీన్ తగ్గినట్టూ కనబడి, మనిషి సరిగ్గా తప్పు దిక్కుకు మళ్లుతాడు: అన్నం తగ్గించి పౌడర్ పెంచుతాడు.

అందుకే డైరీలో ప్రతి తూకం పక్కన ‘ప’ అనో ‘వం’ అనో ఒక్క అక్షరం ఉంటే సగం గొడవ తీరిపోతుంది.

నలుగురికీ కలిపి ఒకే గిన్నెలో వండే ఇళ్లలో ఇంకో చిక్కు. కూరలో పోసిన నూనె ఎవరి వాటాకు ఎంత వచ్చింది? ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే సుమారు 120 క్యాలరీలు, చిన్న విషయం కాదు. దీనికి మార్గం గిన్నె మొత్తాన్ని తూచడం. ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి డైరీ అట్ట లోపలివైపు రాసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. వేసిన సరుకులన్నీ కలిపి 1,800 క్యాలరీలు, దించిన తర్వాత కూర బరువు గిన్నె పోను 1,200 గ్రాములు అనుకుంటే, గ్రాముకు ఒకటిన్నర క్యాలరీ. తన ప్లేటులోకి 300 గ్రాములు వస్తే 450. మొదటిసారి చేసినప్పుడు ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. మూడోసారికి వాళ్లే గిన్నె బరువు చెబుతారు.

చెంచాల సంగతి చెప్పనక్కర్లేదు. పీనట్ బటర్ చెంచాను గీసి తీస్తే 16 గ్రాములు, కుప్పగా తీస్తే దానికి రెట్టింపు. జిగురుగా ఉండేవాటిని డబ్బాతో సహా తూకం మీద పెట్టి, తీసిన తర్వాత ఎంత తగ్గిందో చూడటం మేలు.

పది నిమిషాలు ముందుండే గడియారం

ఇంత చేసినా అంకె కచ్చితం కాదు. క్యాలరీల లెక్కకు పునాది 19వ శతాబ్దం చివర్లో అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ చేసిన పని. గ్రాము ప్రొటీన్‌కు 4, పిండిపదార్థానికి 4, కొవ్వుకు 9 అనే సగటు అంకెలు ఆ పని నుంచి వచ్చినవే. సగటు సగటే. బాదం పప్పుల మీద 2012లో వచ్చిన అధ్యయనం చూస్తే, 28 గ్రాముల బాదంలో సుమారు 170 క్యాలరీలని లెక్కలు చెబుతుండగా మనిషి శరీరం తీసుకున్నది 129 మాత్రమే. గట్టి పప్పులో కొంత కొవ్వు అరగకుండానే వెళ్లిపోతుంది. అరటిపండు సైజు మారుతుంది, పాలలో వెన్న మారుతుంది, మాంసంలో కొవ్వు మారుతుంది. వందకు వంద నిజమైన డైరీ ప్రయోగశాలలో కూడా కష్టం.

అయినా ఫర్వాలేదు. గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటే ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరి బస్సూ తప్పదు. ఒకరోజు పది నిమిషాలు ముందు, ఇంకోరోజు పావుగంట వెనక ఉండే గడియారంతోనే తంటా. తిండి డైరీ కూడా అంతే. ఒకరి డైరీ మూడు వారాల సగటు రోజుకు 2,450 చూపిస్తోంది, ఒంటి బరువు కదల్లేదు అనుకుందాం. అసలు తిన్నది 2,700 కావచ్చు, 2,250 కావచ్చు. దాంతో పని లేదు. ఆ డైరీ కొలమానంలో అతని బరువు నిలిచే చోటు 2,450. అదే కొలమానంలో, అదే చెంచాతో, అదే యాప్‌లో 2,750కి తీసుకెళితే నిజంగానే సుమారు 300 పెరుగుతుంది. రోజూ ఒకేలా జరిగే తప్పు తీసివేతలో కొట్టుకుపోతుంది.

ఇంటర్నెట్‌లో ఎత్తు, బరువు, వయసు కొడితే ‘మీకు రోజుకు ఇంత కావాలి’ అని చెప్పే లెక్కల కంటే ఈ మూడు వారాల అంకె నమ్మదగింది. అవి సగటు మనిషికి రాసినవి. ఇది ఈ మనిషి ఒంట్లోంచి వచ్చింది.

కాబట్టి మధ్యలో పద్ధతి మార్చడం అన్నిటికంటే పెద్ద తప్పు. కొత్త యాప్‌కు మారితే, పచ్చి తూకం నుంచి వండిన తూకానికి మారితే, అప్పటిదాకా రాయని నూనెను రాయడం మొదలుపెడితే పాత సగటుకు కాలం చెల్లినట్టే. మంచి ఉద్దేశంతోనే చేసినా సరే. మార్చక తప్పకపోతే ఆ రోజున పేజీ మీద అడ్డగీత గీసి, మళ్లీ రెండు వారాలు కొత్త సగటు పట్టాలి.

శనివారం పేజీ

ఒక వారం డైరీని దగ్గరగా చూస్తే ఈ విషయం తేటపడుతుంది. 60 కిలోల యువకుడు, ఆఫీసు ఉద్యోగి, వారానికి నాలుగు రోజులు సాయంత్రం జిమ్. రోజువారీ మొత్తాలు ఇలా ఉన్నాయనుకుందాం: సోమవారం 2,750, మంగళవారం 2,800, బుధవారం 2,700, గురువారం 2,850, శుక్రవారం 2,600, శనివారం 1,900, ఆదివారం 1,650. రోజుకెంత తింటావని అడిగితే తడుముకోకుండా 2,750 అంటాడు. మొదటి ఐదు రోజుల సగటు 2,740, అంటే అతను చెప్పింది నిజమే. ఏడు రోజుల సగటు మాత్రం 2,464. ఇతని నిలకడ అంకె (బరువు కదలకుండా నిలిచే చోటు) కూడా పైన చెప్పిన 2,450 అనుకుంటే, దానికి 14 క్యాలరీలు మాత్రమే ఎక్కువ. ఐదు రోజులు కష్టపడి పోగేసిన మిగులును రెండు రోజులు ఊడ్చేశాయి.

ఆ రెండు పేజీల్లో విందుల జాడ లేదు, జబ్బు జాడ లేదు. శనివారం మొదటి లైను 11:40కి. బ్రేక్‌ఫాస్ట్, మధ్యాహ్న భోజనం కలిసి ఒకటైపోయాయి. సాయంత్రం నాలుగింటి పాలు, వేరుశనగలు ఆఫీసు డ్రాయర్‌లో ఉండిపోయాయి. జిమ్ లేదు కాబట్టి జిమ్ తర్వాత తినేదీ లేదు. ఆకలి వేయలేదు, అందుకే లోటూ తెలియలేదు. నెలకు ఇలాంటి రోజులు ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ట్రైనర్‌కు ఆ రోజుల్లో ఇతను కనబడడు కాబట్టి ఆయనకూ తెలిసే దారి లేదు.

ఇలాంటివి పట్టాలంటే క్యాలరీల గడి ఒక్కటే చాలదు, టైము గడి కూడా ఉండాలి. తినని పూటను ఖాళీగా వదిలేయకుండా ‘తినలేదు’ అని రాయాలి, వీలైతే ఎందుకో రెండు మాటలు. ‘మీటింగ్’, ‘లేవలేదు’, ‘కడుపు ఉబ్బరం’. రెండు వారాల తర్వాత ఆ కారణాలను వరసగా చదివితే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసిపోతుంది. ఉబ్బరం అని నాలుగుసార్లు వస్తే సమస్య పాలదో, పీచుదో, పౌడర్‌దో చూడాలి. ‘మీటింగ్’ అని వస్తే సంచిలో పెట్టుకెళ్లే తిండి కావాలి.

ఏ పూటకు ఎంత ప్రొటీన్ అన్నది కూడా ఈ పేజీల్లోనే కనబడుతుంది. పొద్దున 9, మధ్యాహ్నం 21, సాయంత్రం 5, రాత్రి 58 గ్రాములు: మొత్తం 93, లక్ష్యానికి దగ్గరే. పూట పూటకూ సర్దుకుంటే బాగుంటుందన్నది చాలామంది సలహా. పూటకు 20-30 గ్రాములకు మించితే వృథా అనే మాట మాత్రం ఇప్పుడు బలహీనపడింది. 2023 చివర్లో వచ్చిన ఒక ప్రయోగంలో వ్యాయామం తర్వాత ఒకేసారి 100 గ్రాముల పాల ప్రొటీన్ తాగినవారి ఒళ్లు, 25 గ్రాములు తాగినవారికంటే ఎక్కువగా, ఎక్కువ గంటల పాటు దాన్ని వాడుకుంది. కాబట్టి రాత్రి 58 తిన్నందుకు కంగారేమీ లేదు. రోజు మొత్తం చేరకపోతే పొద్దున 9ని పెంచడం సులువు. అక్కడ ఖాళీ ఉంది కదా.

త్రాసులో రెండో పళ్లెం

17వ శతాబ్దం మొదట్లో ఇటలీ వైద్యుడు సాంటోరియో సాంటోరియో పెద్ద త్రాసుకు వేలాడదీసిన కుర్చీలో కూర్చుని భోంచేసేవాడు. తిన్నదీ తాగిందీ, ఒంట్లోంచి బయటికి పోయిందీ, తన బరువూ దాదాపు ముప్పై ఏళ్లు తూచి రాసుకున్నాడు. లోపలికి వెళ్లిన 8 పౌన్లలో 5 పౌన్లు కంటికి కనబడకుండా ఆవిరై పోతున్నాయని లెక్క తేల్చి, 1614లో ఫలితాలను అచ్చువేశాడు. ఆయన లెక్కల్లో కొన్ని ఇవాళ నిలవవు గానీ, ఒక సంగతి ఆయనకు అర్థమైంది: తిండిని మాత్రమే తూస్తే సగం లెక్కే.

ఒంటి బరువును తూచడంలో చిక్కేమిటంటే వారానికి రావలసిన మార్పు 200 గ్రాములు, రోజు రోజుకూ వచ్చే ఊగిసలాట కిలో దాకా. ఉప్పు ఎక్కువైతే నీరు నిలుస్తుంది. కండలో నిలవయ్యే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండిపదార్థం) సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. జిమ్‌కు వెళ్లేవారు వాడే క్రియాటిన్ అనే సప్లిమెంట్ మొదలుపెట్టిన మొదటి వారాల్లో కిలో, రెండు కిలోల నీరు చేరొచ్చు. అది చూసి కండ అని మురిసిపోయేవారున్నారు. అందువల్ల పొద్దున లేచి, టాయ్‌లెట్‌కు వెళ్లొచ్చి, ఏమీ తినకముందు తూచి, ఏడు రోజుల సగటు తీయడం ఒక్కటే దారి. 60.1, 60.8, 60.3, 59.9, 60.6, 60.4, 60.7: విడివిడిగా చూస్తే అయోమయం, సగటు 60.4. పై వారం సగటు 60.6 అయితే పని జరుగుతోంది.

ఈ సగటు పక్కన జిమ్ నోట్‌బుక్ పెట్టి చదవాలి. బరువు 200 గ్రాములు పెరిగి, స్క్వాట్‌లో (బరువు మోస్తూ గుంజీలు తీయడంలో) క్రితం నెల 8 రెప్స్, అంటే వరసగా 8 సార్లు, వచ్చిన బరువుకు ఇప్పుడు 10 వస్తుంటే దేన్నీ కదపకూడదు. ఇలాంటప్పుడే చాలామంది ఇంకా వేగం కావాలని 500 క్యాలరీలు కలుపుతారు. వారానికి 600 గ్రాముల చొప్పున పెరుగుతూ, నడుము దగ్గర టేపు జరుగుతూ, ఎత్తే బరువు అక్కడే ఉంటే మిగులు ఎక్కువైందని అర్థం. బరువు కదలకుండా జిమ్‌లో అంకెలు పెరుగుతుంటే, ముఖ్యంగా మొదటి రెండు మూడు నెలల్లో, ఓపిక పట్టొచ్చు. తొలి బలంలో పెద్ద భాగం నరాల వ్యవస్థ నేర్చుకున్నదే. కొవ్వు కొంత తగ్గి కండ కొంత పెరగడమూ ఆ దశలో జరుగుతుంది. రెండూ కదలకపోతే తిండి పెంచాలి. డైరీలో అంకెలు భేషుగ్గా ఉండి బరువు వారం వారం తగ్గుతుంటే ముందు అన్నం-బియ్యం గందరగోళాన్ని వెతకాలి. అది లేదని తేలితే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

‘ఒంటికి పట్టదు’ అన్న మాటలో కొంత నిజం కూడా ఉంది. 1999లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు 1,000 క్యాలరీలు అదనంగా పెట్టారు. అందరిదీ ఒకే మిగులు. కొవ్వు పెరిగింది మాత్రం ఒకరిలో అర కిలో కూడా లేదు, ఇంకొకరిలో 4 కిలోలు దాటింది. తేడాకు ముఖ్య కారణం వ్యాయామం కాని కదలికలు: కూర్చున్నచోట కాళ్లు ఊపడం, లేచి తిరగడం, నిలబడి మాట్లాడటం. కొందరి ఒళ్లు ఎక్కువ తినగానే తెలియకుండానే ఎక్కువ కదులుతుంది, వచ్చిన మిగులును అలా ఖర్చు చేసేస్తుంది. వీరికి 300 కలిపినా తూకం కదలకపోవచ్చు, ఇంకో 200 కావాలి. ఏ సూత్రమూ దీన్ని ముందుగా చెప్పలేదు, డైరీ-తూకం జంట మూడు వారాల్లో పట్టిస్తుంది. అలా కలపాల్సి వచ్చినప్పుడు ఇప్పటికే నిండిన ప్లేటును ఇంకా నింపడం కంటే తాగే రూపంలో కలపడం సులువు. పావు లీటరు పాలలో 8 గ్రాముల ప్రొటీన్, వెన్న తీయనివైతే 150 క్యాలరీల దాకా ఉంటాయి. కడుపు నిండిన భావన కూడా అంతగా రాదు.

డైరీ ఎప్పుడు మూయాలి

ఏడాది పొడవునా గ్రాములు తూచేవారు ఉన్నారు గానీ, అంత అవసరం చాలామందికి లేదు. విరామం లేకుండా మూడు వారాలు రాస్తే నిలకడ అంకె తెలుస్తుంది; పెంచిన తర్వాత ఇంకో నాలుగు వారాలు రాస్తే సరిపోయిందో లేదో తెలుస్తుంది. అప్పటికి చెయ్యి, కన్ను కూడా అలవాటుపడతాయి: ఈ గిన్నెడు అంటే ఎంతో తూచకుండానే చెప్పగలుగుతారు.

కొందరు అసలు మొదలుపెట్టకుండా ఉండటమే మంచిది. తిండి విషయంలో ఇదివరకు ఇబ్బంది పడ్డవారికి అంకెలు పాత గాయాన్ని రేపుతాయి. తగినంత కండ ఉన్నా తాను బక్కగానే ఉన్నానని కుమిలిపోయే స్థితికి వైద్యంలో మజిల్ డిస్‌మార్ఫియా అని పేరుంది. 2013 నాటి అమెరికా మానసిక వైద్య మార్గదర్శకం దాన్ని శరీర రూపం గురించిన రుగ్మతల్లో చేర్చింది. తూకం లేదని పెళ్లి భోజనం మానేయడం, ఒక రోజు లెక్క తప్పితే రాత్రి నిద్ర పట్టకపోవడం, డైరీ చూసుకుని ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం మొదలైతే నోట్‌బుక్ మూసేసి, ఎవరితోనైనా మాట్లాడాలి. కిడ్నీ సమస్య ఉన్నవారు ప్రొటీన్ పెంచేముందు డాక్టర్‌ను అడగడం తప్పనిసరి.

మిగతావారు డైరీ మూశాక వారానికి మూడు రోజులు బరువు చూసుకుంటే చాలు. సగటు మూడు వారాలు కదలకపోతే మళ్లీ పది రోజుల పాటు రాయాలి. అందులో రెండు వారాంతాలు పడేలా చూసుకోవాలి. లెక్క పూర్తయ్యాక మొదట తెరవాల్సింది శనివారం పేజీ.